సర్వి తోపులో విరిగిన నడుము

ప్రాణానికి ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు మా ఇంటివాళ్లెవరూ సంతోషించలేదు. మా అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నా భార్య షంషాద్ "సరేనమ్మా" అని తలూపి, మందులు తేవడానికి మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను ఆసుపత్రి పైకప్పు చూస్తూ పడుకున్నాను. ప్రాణం ఉంటుంది, నడుము కింద ఏమీ ఉండదు. ఆ మాటకు అర్థం అదేనని ముగ్గురికీ తెలుసు.

నా పేరు కాలేషా. మా ఊరు వాకాడు దగ్గర, సైకిలు మీద పోతే సముద్రం ఎంతో దూరం కాదు. ఇంటర్ దాకా చదివి, ఆ తర్వాత సర్వి తోపుల్లో చెట్లు కోసే మిషను పట్టాను. సర్వి అంటే సరుగుడే. మా వైపు ఇసుక నేలల్లో వరి రాని చోటల్లా అదే వేస్తారు. నరికిన కర్ర కొంత గుంజలకూ పందిళ్లకూ పోతుంది, మిగతాది లారీలకెక్కి కాగితం మిల్లులకు పోతుంది.

ఇదంతా బోర్లా పడుకుని, ఛాతీ కింద దిండు పెట్టుకుని రాస్తున్నాను. ఇలా పడుకుంటే వీపు పుండ్లకు గాలి తగులుతుంది, మనసుకు కూడా కొంచెం పని దొరుకుతుంది. ఎవరికో ధైర్యం చెబుదామని కాదు. పంచడానికి నా దగ్గర అంత ధైర్యం లేదు. తోపుల్లోకి పోయేవాళ్లలో ఒక్కరైనా ఇది చదివి నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడతారేమోనని రాస్తున్నాను.

తుఫాను వెళ్లిన నెల

నాకు దెబ్బ తగిలిన ఏడు తుఫాను పంటను ముంచింది, తోపులను వంచింది. నిటారుగా ఉన్న చెట్టు ఎటు పడుతుందో మిషను పట్టినవాడికి చెయ్యి పెట్టగానే తెలుస్తుంది. గాలికి వంగిపోయి, పక్కచెట్టు కొమ్మల్లో ఇరుక్కున్న చెట్టు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అది విల్లులా బిగుసుకుని ఉంటుంది. తోపు ఆసామి తొందరపెట్టాడు. మేస్త్రీ మరీ తొందరపెట్టాడు. ఇద్దరు కోయాల్సిన చోట ముగ్గురిని దించాడు.

ఆ ముగ్గురిలో శీనయ్య ఒకడు. సముద్రం ఒడ్డు పాళెం వాడు. చేపల వేట సరిగ్గా సాగక వలలు అన్నకు వదిలేసి తోపుల్లోకి వచ్చాడు. మిషను పట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడు. నాకంటే చిన్నవాడు కాబట్టి అన్నా అనేవాడు, షంషాద్‌ను వదినా అనేవాడు.

అతను కోసిన చెట్టు పడలేదు. సగం వాలి పక్కచెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. అలాంటప్పుడు మిషను ఆపి, అందరినీ దూరంగా పంపి, తాడు వేసి లాగాలి. శీనయ్య తన మిషను ఆపాడు. దూరంగా పొమ్మని అరిచాడట. నా మిషను నా చెవి పక్కనే మోగుతోంది. నేను వంగి ఇంకో చెట్టు మొదలు కోస్తున్నాను. పొద్దు తిరిగే వేళకు సముద్రం మీది గాలి లేచింది, చిక్కుకున్న చెట్టు జారిందట.

నొప్పి తెలియలేదు. వీపు మీద ఎవరో ఇసుక బస్తా వేసినట్టయింది. ముఖం ఇసుకలో ఉంది, నోటి నిండా సర్వి ఆకు. లేద్దామనుకున్నాను. కాళ్లు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను. అవి నా వెనకాలే ఉన్నాయి కానీ నావి కావు. పక్కన పడిన మిషను ఇంకా మోగుతూనే ఉంది. ఎవరో దాన్ని ఆపారు. అప్పుడు సముద్రం హోరు వినిపించింది. అన్నేళ్లు ఆ తోపుల్లో పనిచేశాను కానీ పనివేళలో ఆ హోరు నేనెప్పుడూ వినలేదు.

చేతులు ఇద్దరు, కాళ్లు ఇద్దరు పట్టుకుని, వడ్ల మూటను లేపినట్టు లేపి ట్రాలీ ఆటోలో వేశారు. శీనయ్య నా తల ఒళ్లో పెట్టుకున్నాడు. దారంతా గుంతలే.

"అన్నా, అరిచినా అన్నా. దేవుడి తోడు, అరిచినా."

"నువ్వు అరిచే ఉంటావులే శీనా. నాకు ఇనబళ్ళా."

"నీకు ఇనబడకపోతే నేను అరిచినా ఒకటే, అరవకపోయినా ఒకటే" అని ఏడ్చాడు.

చలి నెలలు, ఆసుపత్రిలో

ముందు నెల్లూరు తీసుకుపోయారు. అక్కడినుంచి చెన్నై పంపారు. ఆపరేషను గురించి రాయడానికి నాకేమీ గుర్తులేదు. గుర్తున్నదంతా ఎదురుచూడడమే. స్కానింగు గది ముందు స్ట్రెచర్ మీద పడుకుని, దారిన పోయే మనుషుల గడ్డాలూ ముక్కుపుటాలూ చూస్తూ గడిపిన పూటలు గుర్తున్నాయి. పడుకుని ఉన్నవాడితో ఎవరూ మాట్లాడరు. వాడి గురించి పక్కన నిలబడ్డవాళ్లతో మాట్లాడతారు.

"ఈయన మూత్రం పోతున్నాడా?" అని షంషాద్‌ను అడిగేవాళ్లు. ఆమె సిగ్గుపడి నా వైపు చూసేది. నాకు నోరుంది కదా అని నేను అనేవాణ్ణి కాదు.

వార్డులో తమిళం ఆయా ఒకామె ఉండేది. తెలుగు ముక్క రాదు. నా తలలో ఇంకా తోపు ఇసుక ఉందని చూసింది. మంచం చివరకు నన్ను జరిపించి, కింద బకెట్ పెట్టి, చెంబుతో తల రుద్ది కడిగింది. ఎవరూ ఆమెను అడగలేదు. "సాప్టియా తంబీ?" అంటూ తువ్వాలుతో తుడిచింది. తిన్నావా అని ఒక మనిషి నన్ను, నా కళ్లలోకి చూసి అడిగింది. ఆ రోజు నేను మొదటిసారి ఏడ్చాను.

బయట వరండాలో రోగులకు తోడుగా ఉండే ఆడవాళ్లంతా ఒకరి కథ ఒకరు చెప్పుకునేవాళ్లు. షంషాద్ ఆ కథలు తెచ్చి నాకు చెప్పేది. కావలి వైపు ఒకాయన జామాయిల్ కర్ర లారీకి ఎత్తుతుండగా మొద్దు జారి తుంటి విరిగింది. ఒంగోలు పక్క ఒకాయనకు కొమ్మ తలమీద పడి మాట పోయింది. మరొకాయన మోకాలు మిషను చైను కోసేసింది. "అందురూ మన పనోళ్లే అయ్యా" అంది షంషాద్, ఏదో వింత చెబుతున్నట్టు.

నాకు వింత అనిపించలేదు. మా నాయన కూడా తోపుల్లోనే పనిచేశాడు. ఆయన కాలంలో గొడ్డలి వేలు తీసేది, కాలి బొటనవేలు తీసేది. మా ఊళ్లో ముసలివాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. కానీ గొడ్డలి దెబ్బకూ దెబ్బకూ మధ్య చెవికి ఖాళీ ఉండేది. చెట్టు కిర్రుమంటే వినిపించేది, మనిషి కేకేస్తే వినిపించేది. మిషను వచ్చాక వేళ్లు మిగిలాయి, నడుములూ తలలూ పోతున్నాయి. గాయపడినవాళ్ల కంటే ఇంటికి రానివాళ్లే ఎక్కువయ్యారని నా లెక్క. లెక్క అంటే రాసి పెట్టింది కాదు. ప్రతి సీజనులో ఫలానా తోపులో ఫలానావాడు అని వింటాం. రెండు పూటలు పని ఆగుతుంది. పేపర్లో వస్తే నాలుగు వరుసలు వస్తుంది, రాకపోతే అదీ లేదు. వాడు ఎవరి కూలీ అంటే మేస్త్రీ ఆసామిని చూపిస్తాడు, ఆసామి కర్ర కొన్న వ్యాపారిని చూపిస్తాడు.

డాక్టరమ్మ చిన్నవయసుది, తెలుగావిడ. మిగతా డాక్టర్లంతా నిలబడి చెప్పేవాళ్లు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాలేషాగారూ, దెబ్బ తగిలాక మిమ్మల్ని ఎలా లేపారు?"

చెప్పాను.

"మీరు ఇక నడవరు. ఇది చెట్టు పడినప్పుడే జరిగిందా, లేపినప్పుడు కొంత జరిగిందా అంటే నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కానీ మీ పనివాళ్లకు చెప్పండి. నడుముకు దెబ్బ తగిలినవాణ్ణి చేతులూ కాళ్లూ పట్టి లేపకూడదు. తల, మెడ, నడుము కదలకుండా తలుపు చెక్క మీదికో వెడల్పు పలక మీదికో జరిపి, అలాగే తీసుకురావాలి."

ఆమె వెళ్లాక షంషాద్ నా పక్కన కూర్చుని చాలాసేపు తన గాజులు తిప్పుకుంటూ ఉంది.

"శీనయ్యకు ఈ మాట చెప్పొద్దయ్యా. వాడు చచ్చిపోతాడు" అంది.

చెప్పలేదు. అతనికి తప్ప తోపుల్లో మిగతా అందరికీ, అతనితో అనొద్దని ఒట్టు పెట్టి, ఫోన్ చేసి చెప్పాను.

ఎండాకాలం, ఇంట్లో

ఇంటికి తెచ్చాక ఊరంతా వచ్చి చూసిపోయింది. మేస్త్రీ రెండుసార్లు పళ్లు తెచ్చాడు, మూడోసారి రాలేదు. తర్వాత అందరి రాకా తగ్గింది. ఎండ పెరిగింది. రేకుల కింద మంచం, మంచం కింద గొట్టం, గొట్టం చివర మూత్రం సంచి. నాకు తెలియకుండా నా తుంటి మీద పుండు పుట్టింది. షంషాద్ చూసి చెబితేనే నాకు తెలిసింది. మన ఒంటి మీది పుండు గురించి ఇంకొకరు చెబితే తెలుసుకోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

అమ్మకు నా మీద ఆశ చావలేదు. ఒకరోజు పుత్తూరు కట్టు అనేది, ఒకరోజు దర్గాకు తీసుకుపోదాం అనేది. షంషాద్ వద్దనేది. ఇద్దరూ నా మంచానికి చెరోపక్క నిలబడి నా మీదుగా కొట్లాడుకునేవాళ్లు.

"డాక్టరమ్మ చెప్పింది గదత్తా. ఆడికీ ఈడికీ తిప్పితే పుండ్లు పెద్దవవుతాయి."

"నువ్వు వాణ్ణి మంచం మీదనే పూడ్చిపెట్టాలని చూస్తుండావు."

"వొళ్లు తిప్పి కడిగేది ఎవురత్తా? నువ్వా? నేనూ మడిసినే. నా నడుమూ ఇరిగిపోతుండాది."

ఆ మాట అన్నాక ఆమే భయపడి నా వైపు చూసింది. ఆ రోజు ముగ్గురం అన్నం తినలేదు.

శీనయ్య శుక్రవారం శుక్రవారం వచ్చేవాడు. మొదటిసారి అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"నా బిడ్డ మీద చెట్టు పడేసి ఏం మొకం పెట్టుకొని వొచ్చినావురా? అరిచినానని చెప్తావా? నీ అరుపు యాడ పోయింది?"

అతను వెళ్లిపోలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. చివరికి షంషాద్ అమ్మను పక్కకు జరిపింది. "ఈయన్ను లేపను నాకు సత్తువ చాలట్లేదత్తా. నువ్వు లేపుతావా? లేపేటోణ్ణి రానీ" అంది.

అప్పటినుంచి శుక్రవారం నా స్నానం రోజు. శీనయ్య నన్ను చిన్నపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు పోసి, గడ్డం గీసి, మళ్లీ పడుకోబెట్టేవాడు. అమ్మ అతనితో మాట్లాడేది కాదు కానీ కొన్నాళ్లకు టీ గ్లాసు తెచ్చి గుమ్మం మీద పెట్టడం మొదలుపెట్టింది. చేతికి ఇచ్చేది కాదు. అతను గుమ్మం మీదినుంచే తీసుకుని తాగేవాడు.

"మిషను ముట్టనన్నా ఇంక" అన్నాడు ఒకసారి నా గోళ్లు తీస్తూ. "లోడింగుకు పోతుండా. లారీకి కర్ర ఎత్తేది, తాడు కట్టేది. కష్టమే, కానీ మన చేతిలో ఎవురి పానమూ ఉండదు."

"మంచి పని చేసినావు" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

మళ్లీ కటింగు మొదలయ్యాక

వానలు వెనకబట్టి దారులు ఆరాక లారీలు తిరగడం మొదలైంది. ఒక శుక్రవారం శీనయ్య రాలేదు. షంషాద్ నీళ్లు కాచి పెట్టి వాకిట్లోకీ లోపలికీ తిరిగింది. నీళ్లు చల్లారిపోయాయి. సాయంత్రానికి కబురు వచ్చింది.

చిల్లకూరు వైపు ఒక తోపులో లారీ నిండా కర్ర ఎత్తారట. శీనయ్య పైకెక్కి తాడు బిగిస్తున్నాడట. లారీ ఒకపక్క చక్రం ఇసుకలో దిగింది. లోడు కదిలింది, అతను కిందపడ్డాడు, కర్ర అతని మీద పడింది. కర్రలు తీసేసరికే అయిపోయింది.

నా మీద పడింది ఒక్క చెట్టు. అతని మీద తోపంతా పడింది.

మర్నాడు శవాన్ని పాళెం తీసుకుపోతూ మా ఇంటి ముందు బండి ఆపారు. ఆపమన్నది శీనయ్య భార్య రమణమ్మ. "కాలేషన్న లేచి రాలేడు గదా, ఈడ చూపించి పోదాం" అన్నదట. నలుగురు లోపలికి వచ్చి నన్ను మంచంతో సహా వాకిట్లోకి మోశారు. శవాన్ని బండిలోనే ఉంచి, వెనక తలుపు దించి, నా మంచాన్ని దగ్గరగా జరిపారు. ఇద్దరం పడుకునే ఉన్నాం, పక్కపక్కన, ఒకే ఎత్తులో. ముఖానికి ఏమీ కాలేదు. గడ్డం రెండు రోజులది. నా గడ్డం గీసే చెయ్యి గుడ్డ కింద ఎక్కడో ఉంది.

అమ్మ ఇంట్లోంచి వచ్చింది. ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆమె అతని కాళ్ల దగ్గర నిలబడి, గుడ్డ సరిచేసి, "నా బిడ్డను ఎవురు లేపుతార్రా ఇంక? ఎవురు లేపుతార్రా?" అని బండి అంచుకు తల కొట్టుకుంది. రమణమ్మే వచ్చి ఆమెను పట్టుకుంది. భర్త పోయిన మనిషి మా అమ్మను ఓదార్చింది.

డాక్టరమ్మ అన్న మాట శీనయ్యకు తెలియకుండానే పోయింది. అది మంచిదైందని చాలారోజులు అనుకున్నాను. ఇప్పుడు మంచీ చెడూ ఏమీ అనిపించదు.

ఇప్పుడు

ఇల్లు గడవాలి కాబట్టి షంషాద్ తోపు పనికి పోతోంది. రమణమ్మ కూడా పోతోంది. కొట్టిన కర్రకు ఆడవాళ్లు కూర్చుని తొక్క ఒలవాలి. పొద్దున్నే ఒకే ఆటోలో పోతారు, ఒకే ఆటోలో వస్తారు. వద్దని మొదట్లో చెప్పాను. "ఇంకేం పనుందో చెప్పు, దానికే పోతా" అంది షంషాద్. ఉన్నది రొయ్యల కంపెనీ ఒక్కటే. దాని బస్సు పొద్దున ఎక్కించుకుంటే చీకటి పడ్డాకే దించుతుంది. నన్ను మధ్యాహ్నం తిప్పి పడుకోబెట్టేది ఎవరు? తోపయితే మూడింటికి వదులుతారు.

చెట్లు కోసే చోటికి దూరంగా కూర్చోమని చెబుతాను. "దూరంగానే కూర్చుంటామయ్యా" అంటుంది. కర్ర పడిన చోటే కూర్చుని ఒలవాలని నాకు తెలియదా.

ఈ సీజను మా ఊరి పక్క తోపే కోస్తున్నారు. గాలి ఇటువైపు ఉంటే మిషన్ల చప్పుడు నా మంచం దాకా వస్తుంది. మొన్న పొద్దున ఆ చప్పుడు ఆగింది. మిషను ఆగడానికి ఎన్నో కారణాలుంటాయి. పెట్రోలు పోస్తారు, చైను బిగిస్తారు, బీడీ తాగుతారు. కానీ అన్నీ ఒక్కసారే ఆగాయి. మళ్లీ మొదలవుతాయని చూశాను. కాలేదు. షంషాద్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రమణమ్మ కూడా ఎత్తలేదు.

"అమ్మా, రోడ్డు మీదికి పోయి చూడు."

"ఏందిరా?"

"మిషన్లు ఆగినాయి."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది. నేను రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, వాకిలి కనిపించేలా ఒళ్లు లాక్కుందామని చూశాను. సగం ఒళ్లు వచ్చింది, సగం రాలేదు. అలాగే ఉండిపోయాను.

ఎండ వాకిట్లోకి రాకముందే ఆటో వచ్చింది. ముందు రమణమ్మ దిగింది. తర్వాత షంషాద్ దిగింది. నా భార్య తన కాళ్లమీద నడిచి లోపలికి వచ్చింది. నాకు కలిగిన సంతోషం ఎంత పెద్దదంటే, నోటినుంచి అల్లా పేరు బయటికే వచ్చేసింది. ఆ తర్వాత ఆమె చీర చూశాను. ఒళ్లోనంతా రక్తం.

"ఎవురు?"

"విడవలూరు నుంచి వొచ్చినాయన. నిన్ననే చేరినాడు. పేరు కూడా నాకు సరిగ్గా తెల్దు. కొమ్మ ఇరిగి తలమీద పడింది. నా పక్కనే."

"ఉండాడా?"

"ఆసుపత్రికి తీసకపోతుంటే కోట ఊరు కూడా దాటలేదంట."

బయట అరుగు మీద కూర్చున్న రమణమ్మ ఆ మాటకు తల ఎత్తలేదు. షంషాద్ దొడ్లోకి పోయి చీర మార్చుకుని వచ్చింది. మంచం మీదినుంచి సగం జారిన నన్ను ఆమె, రోడ్డు మీదినుంచి తిరిగొచ్చిన అమ్మ కలిసి సరిచేశారు. పేరు తెలియని ఆ మనిషి ఇంటికి అప్పటికి కబురు అంది ఉండదు. అక్కడ ఎవరో వంట చేస్తూ ఉంటారు. నేను మాత్రం అతను షంషాద్ కానందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ దండాన్ని వెనక్కి తీసుకోలేకపోతున్నాను.

"రేపు పోవద్దు" అన్నాను అన్నం తినిపిస్తుంటే.

"రేపు పని లేదన్నాడు మేస్త్రీ. ఎల్లుండి రమ్మన్నాడు."

"ఎల్లుండి గూడా పోవద్దు."

ముద్ద నా నోటికి అందించి, నేను మింగేదాకా ఆగి, ఇంకో ముద్ద కలిపింది.

ఆ ఎల్లుండి ఇవాళే. తెల్లవారి నా పుండు కడిగి, కట్టు మార్చి, దిండు ఛాతీ కింద సరిచేసి, నీళ్ల సీసా చేతికి అందేలా పెట్టింది. రమణమ్మ ఆటోలోంచి పిలిచింది. ఇద్దరూ వెళ్లారు. గాలి ఇటే ఉంది. మిషన్లు మొదలయ్యాయి. ఈ వాక్యం దాకా ఆగలేదు.